పరగడుపు పెద్దమనిషి

పరగడుపు పెద్దమనిషి సాధారణంగా నలభై దాటాక తయారవుతాడు. ఆడవాళ్లలోనూ ఈ జాతి ఉంది గాని, రోగాన్ని హోదాగా వాడుకునే నేర్పు మగవాళ్లకే ఎక్కువ అబ్బింది. చొక్కా జేబులో పెన్ను పక్కన మాత్రల స్ట్రిప్పు తొంగిచూస్తుండటం, మాట మధ్యలో అరచెయ్యి రొమ్ము మీదికి పోవడం, ఎదుటివాడు పలకరించేలోపు ఓ త్రేన్పు రావడం ఆయన ఆనవాళ్లు. "ఎలా ఉన్నారండీ?" అంటే "ఏం ఉన్నాం, ఈ గ్యాసొకటి..." అని మొదలవుతుంది. బీపీ, షుగరు కూడా ఉంటాయి. వాటి గురించి ఇంత మురిపెంగా చెప్పడు.

జబ్బు మాత్రం నిజమైనదే. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండర వలయం ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, దిగాక మూసుకోవడం దాని పని. అది సడలినా, వేళకాని వేళ తెరుచుకున్నా కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. జీర్ణాశయం గోడకు జిగురుపొర కాపలా ఉంటుంది, అన్నవాహికకు అంత రక్షణ లేదు. అందుకే ఛాతీలో మంట, నోట్లోకి పుల్లనీళ్లు, తెల్లారేసరికి బొంగురు గొంతు, కొందరికి పొడిదగ్గు. పెద్దమనిషి లెక్కలో ఆమ్లం, కండరం లాంటివేమీ లేవు, ఉన్నది గాలి ఒక్కటే. ఆ గాలికి ఒంట్లో ఎక్కడికైనా దారి ఉంటుంది. "వీపులోకి పాకింది", "భుజంలో పట్టేసింది", "తలకెక్కింది" అని రోజుకో చోట దాని మకాం చెబుతాడు. త్రేన్పు వస్తే జబ్బు బయటికి పోయిందని నమ్మకం. తినేసోడా ఉన్న పొడిని నీళ్లలో కలిపి తాగితే ఆ నురగలోంచి, కడుపులో ఆమ్లంతో అది కలిసినచోటనుంచి పుట్టే బొగ్గుపులుసు వాయువే పైకి వస్తుంది. తానే లోపలికి పంపించుకున్న గాలి బయటికొస్తే ఆయన "హమ్మయ్య" అంటాడు.

ఈ జాతి పాతదే, మందు మాత్రం మారింది. తండ్రి తరం జెలూసిల్ సీసా మూతతో కొలుచుకుని తాగింది. తర్వాత రానిటిడిన్ రోజులొచ్చాయి. 1988లో స్వీడన్‌లో ఒమెప్రజోల్ అమ్మకానికి రావడంతో ఆమ్లాన్ని తోడే పంపునే ఆపే మందులు మొదలయ్యాయి. పాంటాప్రజోల్, రాబెప్రజోల్ ఆ కుటుంబంలోవే. ఇవి డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందులు. మన వీధి మెడికల్ షాపులో మాత్రం "ఓ పాన్-డి స్ట్రిప్పు ఇవ్వు బాబూ" అన్న మాటే చీటీ. ఆ 'డి' దేనికో అడిగినవాడు లేడు. అది పాంటాప్రజోల్‌కు జతచేసిన డోంపెరిడోన్ అనే మరో మందు, ప్రధానంగా వాంతులకు వాడేది. కోస్తాలో గ్యాస్ బిళ్ల, తెలంగాణలో గ్యాస్ గోలీ అనే పేరు కింద రెండు మందులూ ఏళ్ల తరబడి కడుపులోకి వెళ్తుంటాయి.

బిరుదు పరగడుపు గాని, మాత్ర వేసుకునే వేళ వేరు. ఉదయం లేవగానే కాఫీ. ఆ కాఫీ ఆయన లెక్కలో కడుపులోకి వెళ్లేది కాదు, కాబట్టి పరగడుపు చెడదు. పేపరు అయ్యాక, స్నానం అయ్యాక, ఇడ్లీ ముందు పెట్టుకున్నాక గుర్తొస్తుంది. "ఏమండీ, బిళ్ల వేసుకున్నారా?" అని వంటింట్లోంచి కేక. రెండో ఇడ్లీకీ మూడో ఇడ్లీకీ మధ్య వేసుకుంటాడు. ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే ఇది ఎంత దండగో అర్థమవుతుంది. జీర్ణాశయం గోడలో ఆమ్లాన్ని తోడే పంపులుంటాయి. తిండి వచ్చినప్పుడే అవి జోరుగా నడుస్తాయి, నడుస్తున్న పంపులనే మందు పట్టుకోగలదు. రక్తంలో అది నిలిచేది కొద్ది గంటలే. అందుకే టిఫినుకు అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు. తిన్నాక వేసుకోవడం బస్సు కదిలాక టికెట్ కొనడమే. పూర్తి గుణం కనిపించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పెద్దమనిషి పదిహేను నిమిషాలు చూసి "ఈ కంపెనీది పనిచెయ్యట్లేదు" అని తేలుస్తాడు.

ఆహారనియమాల్లో ఆయనకు ఒక శాస్త్రం ఉంది, దాన్ని తరచి చూడాలి. చిక్కుడు, శనగపప్పు, బంగాళాదుంప గ్యాస్ కాబట్టి పదేళ్లుగా బహిష్కృతాలు. మిరపకాయ బజ్జీకి మాత్రం ప్రవేశం ఉంది, లోపల వాము పెడతారు కదా. పెసరట్టు మీద అల్లం ముక్కలున్నాయి కాబట్టి రెండు తినొచ్చు. బిర్యానీ తర్వాత సోంపు నమిలితే చాలు. ఆవకాయ సంగతి అడిగితే అసలు జవాబే రాదు, అది తిండి జాబితాలో కాదు, ఆస్తి జాబితాలో ఉంటుంది. పెళ్లి భోజనాల్లో ఈ శాస్త్రం సంపూర్ణంగా దర్శనమిస్తుంది. "నాకు పడదండీ, కొంచెమే" అంటూ ప్రతి వంటకం దగ్గరా ఆగుతాడు, పదహారు కొంచేలు కలిసి ప్లేటు నిండుతుంది. నిజానికి ఎవరికి ఏది పడదన్నది మనిషిని బట్టి మారుతుంది. కారం ఒకరికి మంట, ఇంకొకరికి ఏమీ కాదు. ఎక్కువమందిని బాధించేది నూనె, నెయ్యి దట్టించిన భోజనం. కొవ్వు జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలుస్తుంది, అన్నవాహిక చివరి కండరాన్ని సడలిస్తుంది కూడా. సిగరెట్టు, మద్యం, కొందరిలో కాఫీ, పిప్పరమెంటు, చాక్లెట్ కూడా దోషులే.

రాత్రి భోజనం దగ్గర కథ అసలు మలుపు తిరుగుతుంది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినాలని డాక్టరు చెబితే ఆయన వెంటనే ఒప్పుకుంటాడు. "రాత్రిళ్లు ఎన్నింటికి తింటారు?" "తొందరగానేనండీ, పదిన్నరకల్లా అయిపోతుంది." పడుకునేది పదకొండుకు. క్రికెట్ ఉన్న రోజు ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి, సోఫాలోనే.

మంచం తల వైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టమనడం ఇంకో సలహా. ఛాతీ మొత్తం వాలులో ఉంటే ఆమ్లం పైకి పాకడానికి కష్టపడాలి. పెద్దమనిషి దీన్ని మూడు దిళ్లుగా అనువదించుకుంటాడు. అప్పుడు మెడ వంగి, నడుము దగ్గర ఒళ్లు మడతపడి, కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది. మంట తగ్గకపోగా మెడనొప్పి వస్తుంది, దాన్ని కూడా గ్యాసు ఖాతాలో రాస్తాడు. ఇటుకలు తెద్దామంటే డబుల్ కాట్ మీద రెండో మనిషి ఉంది. "మీ గ్యాసుకి నేను జారుడుబండ మీద పడుకోవాలా?" అన్నది ఆవిడ ప్రశ్న, న్యాయమైనదే. ఆయన వైపు మాత్రం పెట్టుకోవడానికి వాలు దిండు దొరుకుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం ఖర్చులేని ఉపాయం. అలా పడుకుంటే అన్నవాహిక చేరేచోటు జీర్ణాశయంలోని ఆమ్లం కంటే పైన ఉంటుంది.

పొట్ట గురించి ఎవరూ మాట్లాడకూడదు. నడుము చుట్టుకొలత పెరిగేకొద్దీ కడుపులో ఒత్తిడి పెరుగుతుంది, బరువు తగ్గితే మంట తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. అందుకే ఆయన తెల్లారి నడకకు వెళ్తాడు. విశాఖ బీచ్ రోడ్డయినా, హైదరాబాదు కేబీఆర్ పార్కయినా నడక చివర ఒక టిఫిన్ సెంటర్ ఉండనే ఉంటుంది.

ఈ జాతిలో విదేశీ శాఖ ఒకటుంది. అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండటానికి వెళ్లే పెద్దమనిషి సూట్‌కేసులో ఆవకాయ డబ్బా, దానికి ఆనుకుని ఆరు నెలల పాంటాప్రజోల్ ప్రయాణం చేస్తాయి. అక్కడ 2003 నుంచి ఒమెప్రజోల్ చీటీ లేకుండానే దొరుకుతోంది. డబ్బా మీద పద్నాలుగు రోజులు వాడాలనీ, డాక్టరు చెప్పనిదే నాలుగు నెలల్లోపు మళ్లీ మొదలుపెట్టవద్దనీ రాసి ఉంటుంది. ఆయన కళ్లజోడు సవరించుకుని అది చదివి, "పద్నాలుగు రోజులకేం తగ్గుతుంది, వీళ్లకి మందు వాడటం తెలీదు" అంటాడు.

ఏడాదికోసారి ఆయన్ను భయం పట్టుకుంటుంది. కిడ్నీలు పోతాయనీ, ఎముకలు గుల్లవుతాయనీ వాట్సాప్‌లో వస్తుంది. ఆ సాయంత్రమే మందు మానేస్తాడు. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి బి12, మెగ్నీషియం తగ్గడం నిజమే, కిడ్నీ వాపు అరుదు. ఎముకల సంగతి పరిశీలనల్లో కనిపించినదే గాని గట్టిగా రుజువైనది కాదు. పాంటాప్రజోల్‌ను 17,598 మంది గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో సుమారు మూడేళ్లు పరీక్షించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే స్పష్టంగా పెరిగింది పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రమే, అదీ కొద్దిగా. అదాటున మానడమే తంటా. అణిగి ఉన్న ఆమ్లం రెట్టింపు ఊపుతో తిరిగొస్తుంది. ఏ బాధా లేనివాళ్లకు ఎనిమిది వారాలు ఈ రకం మందిచ్చి ఆపితే చాలామందికి కొత్తగా ఛాతీమంట పుట్టిందని డెన్మార్క్ పరిశోధకులు 2009లో చూపించారు. మోతాదు మెల్లగా తగ్గించుకోవాలన్న సంగతి తెలియక ఆయన మూడోరోజుకే మళ్లీ షాపు ముందుంటాడు. "చూశావా, అది లేకపోతే బతకలేను."

చివరికి ఎవరో పట్టుకెళ్లి ఎండోస్కోపీ చేయిస్తారు. అన్నవాహిక పుండ్లను లాస్ ఏంజిలిస్ పద్ధతిలో ఏ నుంచి డి వరకు గ్రేడ్లుగా రాస్తారు, ఏ అంటే అన్నిటికంటే తక్కువ. రిపోర్టు అందుకున్న పెద్దమనిషి ఛాతీ పొంగుతుంది. "లాస్ ఏంజిలిస్ గ్రేడ్ ఏ వచ్చిందండీ" అని వియ్యంకుడికి ఫోన్. సి, డి గ్రేడ్లున్నవారికీ, అన్నవాహిక లోపలి పొర మారిపోయినవారికీ, ఆస్పిరిన్ లాంటివి వాడుతూ కడుపులో రక్తస్రావం ముప్పున్నవారికీ ఏళ్ల తరబడి మందు అవసరమే, వాళ్లు మానకూడదు. మిగతావారిలో చాలామంది డాక్టరు సలహాతో చిన్న మోతాదుకో, మంట వచ్చినప్పుడే వేసుకోవడానికో దిగొచ్చు. మన పెద్దమనిషి ఈ రెండో కోవలోవాడు. ఆయనకు ఆ సంగతి చెప్పినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

ముద్ద గొంతులో అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, రక్తహీనత కనిపిస్తే గ్యాస్ బిళ్లతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమచేతికో పాకితే అది గుండెపోటు కావచ్చు. వాము, సోడా వెతక్కుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.