మేడమీది కార్ఖానా

విశాఖపట్నం వన్ టౌన్‌లో వస్తువు పాడైందని పారెయ్యడం పరువు తక్కువ. గొడుగు కమ్మీ విరిగినా, ఫ్యాను మూలిగినా, కుక్కరు పిడి ఊడినా ముందు నలుగురికీ చూపించాలి. నలుగురూ నాలుగు రోగాలు చెబుతారు. ఐదోవాడు అడక్కుండానే జేబులోంచి టెస్టర్ తీస్తాడు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ పాడైన సామాన్లున్న వాళ్ళనీ, బాగుచెయ్యడం వచ్చినవాళ్ళనీ ఓచోట కూర్చోబెట్టి, దానికి 'రిపేర్ కఫే' అని పేరు పెడితే ప్రపంచమంతా ఆహా అంది. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల రోజూ జరిగేది అదే. ఇక్కడ ఎవరూ ఆహా అనరు, "ఎంతిమ్మంటావు?" అంటారు.

అలాంటి చోట మేకర్‌స్పేస్, అంటే పనిముట్లు పంచుకుని నలుగురూ కలిసి వస్తువులు చేసుకునే చోటు, పెట్టాలని మా వీధి ఇంజినీరింగ్ కుర్రాళ్ళకి బుద్ధి పుట్టింది. హైదరాబాద్ వెళ్ళి రాయదుర్గంలో టి-వర్క్స్ అనే పెద్ద మేకర్‌స్పేస్ చూసొచ్చారు. 2023 మార్చిలో మొదలైన ఆ భవనం 78 వేల చదరపు అడుగులు. మాకు దొరికింది కోటవీధి దగ్గర పాతకాలపు మేడమీద ఒక వాటా. అందులో సగం ఇంటివారి పట్టెమంచాలూ, పెళ్ళిళ్ళ నాటి గుండిగలూ. వాటిని కదపకూడదన్న షరతు మీదే అద్దె తగ్గించారు. చందాలేసుకుని ఒక త్రీడీ ప్రింటర్, డ్రిల్లు, మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్లు కొన్నాం. కూడేది ఆదివారం సాయంత్రం. గురువారమైతే మంచిదని ఒకాయన అన్నారు గానీ, మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికొచ్చే జనంలో పడి మన మెట్లు ఎక్కేసరికి శుక్రవారం అవుతుందని కొట్టేశారు.

ప్రింటర్ని చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. ప్లాస్టిక్ తీగ వేడికి కరిగి, సన్నటి మూతిలోంచి జారి, పొర మీద పొర పేరుకుంటూ పోతుంటే ఎదురింటి పిన్నిగారు కాసేపు తేరిపార చూసి, "కరెంటు జంతికల గొట్టం" అని తేల్చేశారు. ఆ యంత్రం గురించి ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. అయితే జంతికల పిండికి లేని రోగం ఈ తీగకొకటుంది. చెమ్మ పీల్చుకుంటుంది. మాదా, సముద్రం పక్క ఊరు. రాత్రి డబ్బాలో పెట్టడం మరిచిపోతే మర్నాడు మూతిలోంచి చిటపటలు, చేసిన బొమ్మ నిండా నూగు. అందుకని చెమ్మ లాగే సిలికా పొట్లాలు వేసి మూత బిగిస్తాం. వాటిని కొనం. వీధిలో ఎవరు కొత్త జోళ్ళు కొన్నా అట్టపెట్టెలో పొట్లం మా మేడకి చేరాల్సిందే.

పిన్నిగారి మిక్సీ అడుగున కప్లర్ అరిగిపోయింది. బజారులో ఆటో చార్జీ అంత కూడా కాని వస్తువు. కుర్రాళ్ళు ఊరుకుంటారా? కొలతలు తీశారు, కంప్యూటర్లో గీశారు, మూడు గంటలు ప్రింటు వేశారు. ఎర్రగా, ముద్దుగా వచ్చింది. వాడింది పీఎల్ఏ అనే ప్లాస్టిక్. ఎక్కువగా మొక్కజొన్న పిండిపదార్థంతో తయారవుతుంది, 60 డిగ్రీల వేడి తగిలితే మెత్తబడుతుంది. గారెల పిండి సగం నలిగేసరికి కప్లరూ నలిగింది. పైన మినప్పప్పు, కింద మొక్కజొన్న. పిన్నిగారు ఏమీ అనలేదు. సాయంత్రం గారెలు పంపారు. వాటిలో పలుకులు తగిలాయి.

అంతమాత్రాన ఈ ఊరికి చేతిపని కొత్త అనుకునేరు. 18వ శతాబ్దంలోనే ఇక్కడి పనివాళ్ళు దొరల మేజాబల్లలూ, పెట్టెలూ చూసి వాటికి ఏనుగు దంతం తాపడం చేసి తిరిగి దొరలకే అమ్మారు. వైజాగపటం పనితనమని పేరు పడ్డ ఆ సామాన్లు ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో ఇంటి దగ్గరే వేధశాల పెట్టుకుని నక్షత్రాలు చూశారు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. మామగారి పిచ్చిని అల్లుడు నెత్తికెత్తుకోవడమంటే చిన్న సంగతి కాదు. నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగానే మా అల్లుడుగారు ఫోను పట్టుకుని డాబా ఎక్కేస్తారు.

మా సమావేశాల్లో తరచూ వినబడే పేరు చింతకింది మల్లేశం గారిది. ఆలేరు దగ్గర శారాజీపేటలో, చీర నేతకి ముందు నూలుతో ఆసు పోసి పోసి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ చెప్పుకుని మావాళ్ళు కూడా "మన అమ్మల కష్టమేమిటి?" అని వీధిలో వాకబు చేశారు. అందరిదీ ఒకటే మాట: కుళాయి. నీళ్ళు తెల్లారగట్ల ఎప్పుడొస్తాయో తెలీదు.

దాంతో కుళాయి గంట తయారైంది. గొట్టంలో చిన్న చక్రం, అది తిరిగితే ఆర్డుయినో బోర్డుకి తెలిసి గంట మోగుతుంది. (ఆర్డుయినో అంటే 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్ళో పుట్టిన బోర్డు. అక్కడి ఒక బారు పేరే దానికి పెట్టారు. మన టీ కొట్లకి ఆ యోగం ఎప్పుడో!) చీకటుండగానే గంట మోగింది. వీధంతా బిందెలతో పరుగు. కుళాయిలోంచి బుస్సుమని గాలి. నీళ్ళకి ముందు గొట్టాల్లోంచి గాలి తోసుకొస్తుంది కదా, చక్రం దానికే గిర్రున తిరిగింది. నీళ్ళొచ్చేసరికి సగం మంది బిందెల మీదే కునుకు తీశారు.

షిప్‌యార్డులో వెల్డరుగా రిటైరైన పెద్దాయన ఒకరు మా సభ్యులు. 1948లో నెహ్రూ గారు 'జల ఉష' ఓడని నీళ్ళలోకి దింపిన రోజు వాళ్ళ నాన్నగారు అక్కడే ఉన్నారట. ఆ గౌరవంతో ఆయన ఏ పనీ ముట్టుకోరు, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తారు. ఆయన నోరు విప్పారు. "ఏటి నానా ఇదంతా? పడుకునే ముందు కుళాయి తిప్పి ఒగ్గీ. కింద రేకు బకెట్టు పెట్టు. నీళ్ళు పడితే అదే మోగుద్ది." ఆ ఆదివారం ఇంకెవరూ ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు వీధిలో చాలా ఇళ్ళలో రేకు బకెట్టే. బోర్డు మళ్ళీ విప్పి మేడ మెట్ల దీపానికి తగిలించారు. అక్కడ బాగానే పనిచేస్తోంది.

మిగతావన్నీ ఎలాగోలా గట్టెక్కుతాయి గానీ పనిముట్లు నిలవడం లేదు. గోడకి చెక్క కొట్టి, ఏది ఎక్కడ తగిలించాలో తెలిసేలా ఒక్కోదాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాం. ఇప్పుడు పనిముట్ల కన్నా గీతలే ఎక్కువ. కటింగ్ ప్లేయరు పోతే పళ్ళతో వైరు కొరికాం. పెద్ద సుత్తి పోతే పొత్రం తెచ్చుకున్నాం. కానీ వచ్చే ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక పడవ మోటారు విప్పడానికి వస్తోంది. పది–పదకొండు పానా ఎవరింటికి వెళ్ళిందో వాళ్ళు దయచేసి తెచ్చి మేడ మెట్ల మీద పెట్టి వెళ్ళండి. ఎవరని అడగం. పైకి వస్తే టీ కూడా ఇస్తాం.