మహారాజశ్రీ ఖజానా వారికి ఒక విన్నపం

తెలంగాణ రాష్ట్ర ఖజానా వారి సముఖానికి,

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెడదామనుకున్నాను గానీ, పంచాయతీల సంగతి తెలిసే రాస్తున్నా కాబట్టి మానేశాను. మంత్రుల్ని వదిలేసి మీకే ఎందుకు రాస్తున్నానంటే, సర్కారు మారింది, జెండా మారింది, చెక్కులు ఆపే మీ ‘ఫ్రీజింగ్’ మాత్రం మారలేదు.

ఊరివాళ్లు ఇంటి పన్ను కడతారు. కార్యదర్శి రసీదిచ్చి ఆ పైసలు తెచ్చి మీ దగ్గర జమ చేస్తాడు. ఇక అంతే. బోరు మోటారు కాలిపోయిందనో, వీధి దీపాలు కొనాలనో చెక్కు రాస్తే పాస్ కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచికీ ఉపసర్పంచికీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఇద్దరికీ పడని ఊళ్లలో రెండో సంతకం కోసం పెద్దమనుషులు కూర్చోవాల్సి వస్తుంది. అంత తంటాలు పడి రెండూ పెట్టించాక తెలుస్తుంది, అసలు సంతకం మీదని.

2019 సెప్టెంబరులో సర్కారు పల్లెప్రగతి కార్యక్రమం వచ్చింది. ట్రాక్టరు కొనండి అన్నారు, కొన్నారు. నర్సరీ పెంచండి, డంపింగ్ యార్డు కట్టండి, వైకుంఠధామం కట్టండి అన్నారు. కట్టారు. కొలతల పుస్తకం (ఎంబీ) రికార్డు చేశారు, బిల్లు పెట్టారు, మీ దగ్గర టోకెన్ పడింది. వైకుంఠధామాలు లేచాయి, వాటి బిల్లులు త్రిశంకు స్వర్గంలో ఉండిపోయాయి. చేతినుంచి పెట్టిన సర్పంచులు మిత్తి కట్టుకుంటూ కూర్చున్నారు. కేంద్రం పంపిన గ్రాంటును 10 పనిదినాల్లో పంచాయతీలకు చేర్చకపోతే వడ్డీతో ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం మీకు షరతు పెట్టింది. ఈ బిల్లులకు మాత్రం అలాంటి షరతేదీ మీరు పెట్టుకోలేదు. 2024 జనవరి ఆఖరుకు సర్పంచుల పదవీకాలం అయిపోయింది, బాకీల పదవీకాలం అవలేదు. ఆ నవంబరులో ఈ బాకీల కోసం పోరుబాట పట్టిన మాజీ సర్పంచులకు మీ బదులు పోలీసులు జవాబిచ్చారు.

ఆ తర్వాత ఎన్నికలు 2025 డిసెంబరు దాకా జరగలేదు. పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర గ్రాంటు రాదు. ఎన్నికలు వాయిదా వేసిందేమో పైవాళ్లు, మురుగుకాల్వ పూడిక మాత్రం కిందివాళ్ల వాకిట్లో.

మీకూ ఇబ్బందులున్నాయి, కాదనను. నెలకు వచ్చేది దాదాపు 18,500 కోట్లనీ, అందులో జీతాలు, పింఛన్లకు 6,500 కోట్లు, అప్పుల కిస్తీలకు ఇంచుమించు అంతే పోతుందనీ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారే బాహాటంగా చెప్పారు. నిజమే కావచ్చు. అయినా ఇంటిపెద్ద అప్పులపాలైతే పిల్లల ముంత పగలగొట్టడం ఎక్కడి న్యాయం? రిజిస్ట్రేషన్లప్పుడు స్థానిక సంస్థల పేరు చెప్పి వసూలు చేసిన వాటా ఏ ముంతలోది?

అసలు కొరుకుడు పడనిది ఇంకొకటుంది. 2024 సెప్టెంబరులో 16వ ఆర్థిక సంఘం హైదరాబాద్ వచ్చినప్పుడు మన పెద్దలు ఎంత బాగా వాదించారు! కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతం చాలదు, 50 చేయమన్నారు. సెస్సులు, సర్‌చార్జీల పేరుతో వచ్చేదాంట్లో మాకు పంపకం లేదన్నారు. ఇచ్చే నిధులకు ఇన్ని షరతులేమిటన్నారు. ప్రతి మాటా న్యాయమే. నేనుంటే చప్పట్లు కొట్టేవాణ్ని. ఇప్పుడు దయచేసి ఆ వినతిపత్రం బయటికి తీయించండి. ‘రాష్ట్రం’ అని ఉన్నచోట ‘గ్రామపంచాయతీ’ అనీ, ‘కేంద్రం’ అని ఉన్నచోట ‘రాష్ట్రం’ అనీ దిద్దించి మీ పేరనే పోస్టు చేసుకోండి. తతిమ్మా అంతా సరిపోతుంది, వాదన కూడా కొత్తగా వెతుక్కోనక్కర్లేదు.

ఇక విన్నపం. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టి పైసా పైసాకూ లెక్క చెప్పమని చట్టం సర్పంచిని ఆదేశించింది. ఆయన దారి తప్పితే సస్పెండ్ చేయడానికి కలెక్టరున్నారు. మీరూ ఒక సభ పెట్టండి. ఏ టోకెన్ ఏ తేదీన పడింది, ఎవరిది వెనక వచ్చి ముందు పాసైంది, ఏ ఊరి ఇంటి పన్ను ఎంత మీ దగ్గరుంది, ఇదంతా ఊరూరికీ ఒక ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి పంచాయతీ ఆఫీసు ముందు కట్టించండి. ఫ్లెక్సీ ఖర్చు చందాలు వేసుకుంటాం. దానికి బిల్లు పెట్టం.

ఇట్లు,
ఇంటి పన్ను రసీదులు దాచుకునే అలవాటున్న ఒక గ్రామస్థుడు