పెనుబల్లి పశువుల, కోళ్ళ కొట్టాల్లో వినకూడని నాలుగు సలహాలు

పెనుబల్లి మండలంలో గేదె ఈనినా, కోళ్ళు పెంచినా సలహా చెప్పేవాళ్ళకు కొదవ ఉండదు. వాటిలో నాలుగు మాత్రం దూడల, కోడిపిల్లల ప్రాణం తీసేవి, పాడిని పాడుచేసేవి. పేగు లోపలి గోడకు ఒకే వరుస కణాల పొర ఉంటుంది. పొదుగులో పాలు తయారుచేసేదీ అలాంటి పొరే. సూక్ష్మజీవులు ముందు దాన్నే పట్టుకుంటాయి. ఈ సలహాలన్నీ ఆ పొరను మరిచిపోయి చెప్పినవే.

1. “మాయ పడేదాకా దూడను వదలొద్దు.”

ఆవులు, గేదెల్లో రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు కడుపులో ఉండగా దూడకు చేరవు, ముర్రుపాలతోనే రావాలి. పుట్టిన కొత్తలో దూడ పేగు కణాలు వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి పంపుతాయి. గంట గంటకూ ఆ శక్తి తగ్గి, 24 గంటలకల్లా దారి మూసుకుపోతుంది. అందుకే రెండు గంటల్లోపే తాగించండి. తొలిరోజు 30 కిలోల దూడకు 3 లీటర్లు పట్టాలి. జున్ను సంగతి తర్వాత చూసుకోవచ్చు.

2. “దూడ పారుకుంటే పాలు, నీళ్ళు ఆపెయ్యి.”

తొలి రోజుల్లో ఈ.కోలై అనే బాక్టీరియాలో ఒక రకం, నూగులాంటి పోగులతో పేగు కణాలకు అతుక్కుంటుంది. లోపలికి దూరదు, విషం వదులుతుంది. దాంతో కణాలు ఒంట్లోని నీటిని పేగులోకి వదిలేస్తాయి. కలరాదీ ఇదే తీరు. కలరా క్రిములు లేకుండా అవి పెరిగిన ద్రవం ఒక్కటే కుందేలు పేగులో నీరు నింపుతుందని 1959లో కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ దే నిరూపించారు. దూడను చంపేది ఆ నీటి నష్టమే. గ్లూకోజు, ఉప్పు కలిసి అందితే అవే కణాలు నీటిని మళ్ళీ పీల్చుకుంటాయి. పాలు మానకుండా, మధ్యమధ్యలో ఓఆర్ఎస్ పట్టండి. దూడ లేవలేకపోతే వెంటనే డాక్టరును పిలవండి.

3. “తడి ఊక మీదే కొత్త ఊక చల్లు.”

ఇది కోళ్ళ కొట్టంలో వినిపించే సలహా. లంకాసాగర్ జలాశయం నిండే వానల్లో కోడిపిల్లలకు రక్తపారుడు వచ్చేది ఈ తడి ఊకతోనే. రెట్టలో పడిన ఐమీరియా అనే పరాన్నజీవి తిత్తులు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో రోగం అంటించే దశకు వస్తాయి. ఒక్కో తిత్తిలో ఎనిమిది పరాన్నజీవులుంటాయి. కోడిపిల్ల మింగితే అవి పేగు కణంలోకి దూరి, లోపలే పెరిగి, దాన్ని పగలగొట్టుకుని పక్క కణాల మీద పడతాయి. మామూలు క్రిమిసంహారకాలకు ఆ తిత్తులు చావవు. తడి ఊకను పూర్తిగా ఎత్తిపారెయ్యండి. నీళ్ళ గిన్నె చుట్టూ నేల పొడిగా ఉంచండి.

4. “పొదుగు వాపు దిగింది, ఇంక సూదులెందుకు?”

పొదుగువాపు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్ పాల కణాల్లోకి దూరి దాక్కోగలదు. చాలా మందులు అక్కడికి సరిగా అందవు. మధ్యలో ఆపితే రోగం తిరగబెడుతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయించండి. ఆయన చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు పాల కేంద్రంలో పోయొద్దు. పితికాక కనీసం అరగంట చనురంధ్రం తెరుచుకునే ఉంటుంది. ఆ దారిన క్రిములు లోపలికి పోకుండా, మేత వేసి గేదెను నిలబెట్టే ఉంచండి.

నాలుగింటిలో ఒక్కటే మాన్పించగలిగితే మొదటిది మాన్పించండి. దానికి పైసా ఖర్చు లేదు. ఆ తొలి గంటల్లో అందని బలాన్ని తర్వాత వేసే ఏ మందూ పూర్తిగా తెచ్చిపెట్టలేదు.