కృతజ్ఞతకు కాపీ దోషం లేదు

పరిశోధనలో కాపీని అరికట్టడానికి 2018లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో పోలికలు 10 శాతం లోపుంటే మన్నిస్తారు. 40 దాటితే ఏడాది దాకా మళ్లీ సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే ఊడుతుంది. అయితే కొన్ని పేజీలను ఈ లెక్కలోంచి తప్పించారు. విషయసూచిక, గ్రంథసూచి, ముందుమాట, కృతజ్ఞతలు. ఆ చివరిది చేర్పించిన మహానుభావుడెవరో గానీ మన విశ్వవిద్యాలయాలను ఆమూలాగ్రం ఎరిగినవాడు. దాన్నీ లెక్కలో వేసి ఉంటే ఈపాటికి డాక్టరేట్ల కరువు వచ్చేది.

యూనివర్సిటీ గేటు ఎదుట డీటీపీ సెంటర్లో ఆ పేజీ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. "సారు పేరు చెప్పన్నా" అంటాడు కుర్రాడు. పేరు మారుతుంది. అజ్ఞానాంధకారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, అమూల్యమైన సలహాలూ అంతే. ఒక థీసిస్‌లో గైడు మేడమ్ గారు. అయినా "కన్నతల్లిలా అన్నం పెట్టిన గురుపత్ని గారికి పాదాభివందనాలు" అన్న వాక్యం చెక్కుచెదరకుండా నిలిచింది. పరీక్షకులు సంతకాలు పెట్టారు, డిగ్రీ వచ్చింది. ఆ పేజీ ఎవరూ చదవరని కాదు. మేడమ్ గారు చదివారు, తన పేరు వచ్చేదాకా.

పేర్ల వరసకూ ఒక మర్యాద ఉంది. ముందు ఉపకులపతి, తర్వాత రిజిస్ట్రారు, ప్రిన్సిపాలు, శాఖాధ్యక్షులు. వీళ్లలో ఇద్దరు ముగ్గురు ఆ స్కాలర్ మొహం కూడా చూసి ఉండరు. పరిశోధకుడికి నిజంగా పాఠం చెప్పింది, అధ్యాయాలు దిద్దింది కాంట్రాక్టు లెక్చరరు. నిబంధనల ప్రకారం గైడుగా ఉండాలంటే పర్మనెంటు ఉద్యోగం కావాలి కాబట్టి ఆయనకు సంతకం లేదు. సంతకం లేనివాడికి పేజీలో చోటూ లేదు. స్కాలరు మరీ మొహమాటస్తుడైతే "మరియు ఇతర మిత్రులు" అన్న మాటలో ఆయన్ను ఇరికిస్తాడు.

ఎంత కాదన్నా ఆ పేజీ రాసే వేళ అలాంటిది. వైవా ఇంకా కాలేదు. ఫెలోషిప్ కాగితం మీద గైడు సంతకం కావాలి. ఎక్స్‌టర్నల్ సారును స్టేషన్‌కెళ్లి తీసుకురావాలి, ఆయనకు ఏసీ రూము చూడాలి, డిపార్టుమెంటు మొత్తానికీ భోజనం పెట్టాలి. ఆయన వెళ్లేటప్పుడు చేతిలో పెట్టే పట్టుచీర ఆయన శ్రీమతికి నచ్చే రంగులో ఉండాలి. ఇన్ని ఖర్చుల మధ్య రెండు పేజీల పొగడ్త ఒక్కటే చవక. కచేరీలో పని కోసం ఇస్తే దాన్ని లంచం అంటాం. క్యాంపస్‌లో ఇస్తే గురుభక్తి.

సెప్టెంబరు 5 వస్తే ఈ భక్తికి మైకు కూడా తోడవుతుంది. 1962 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు పేరు చెప్పి శాలువాలు కప్పుకుంటున్నాం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931లో ఉపకులపతిగా వచ్చిన పెద్దమనిషి ఆయన. అంతకు పదేళ్ల ముందు మైసూరు వదిలి కలకత్తా వెళుతుంటే విద్యార్థులు బండికి కట్టిన గుర్రాలను విప్పేసి, తామే రైల్వేస్టేషన్ దాకా లాక్కెళ్లారు. వక్తలందరూ ఈ కథ చెబుతారు. అందులో అసలు సంగతి మాత్రం ఎవరి నోటా రాదు: ఆయన వెళ్లిపోతున్నారు. ఆయన మార్కులతో గానీ సంతకంతో గానీ ఆ కుర్రాళ్లకు ఇక పనిలేదు. మన దగ్గర వెళ్లిపోయిన ప్రొఫెసరు పెన్షను కాగితాల కోసం క్యాంపస్‌కొస్తే బండి లాగడం అటుంచండి, స్కూటరు మీద బస్టాపు దాకా దింపేవాడు దొరికితే గొప్ప.

అందుకని యూజీసీ వారికి ఒక మనవి. కృతజ్ఞతల పేజీని థీసిస్‌తో పాటు తీసుకోవద్దు. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం ఖాయమై, గైడు రిటైరయ్యాక తెచ్చివ్వమనండి. అప్పటిదాకా థీసిస్‌లు భద్రపరిచే శోధ్‌గంగ వెబ్‌సైటులో ఆ పేజీ తెల్లగా ఉంచండి. చాలా పేజీలు అలాగే ఉండిపోతాయి, అదీ మంచిదే. కొద్దిమంది మాస్టార్లకు మాత్రం రెండు పేజీలు చాలవు. వాళ్లెవరో ప్రతి డిపార్టుమెంటులోనూ పిల్లలకు తెలుసు, శాఖాధ్యక్షులకూ తెలుసు. సెప్టెంబరు 5న శాలువా వాళ్ల దాకా ఎందుకు రాదో కూడా తెలుసు.