ఇంటర్వెల్‌కే దొరికిన దొంగ

తెలుగు ప్రేక్షకుడి కన్నుగప్పగల హంతకుడు ఇంతవరకూ పుట్టలేదు, ఇకముందు పుట్టబోడు. దర్శకుడు ఏళ్లతరబడి బుర్ర బద్దలుకొట్టుకుని మిస్టరీ అల్లుతాడు. ఎడిటర్ నిద్ర మానుకుని దాన్ని కత్తిరించి అతికిస్తాడు. మనవాడు మాత్రం పాప్‌కార్న్ డబ్బా సగం కాకముందే పక్క సీట్లోకి వాలి, "బావా, ఆ కళ్లజోడోడేరా చంపింది" అని తీర్పు చెప్పేస్తాడు. గంట తిరక్కుండా ఆ కళ్లజోడోడు కూడా హత్యకు గురవుతాడు. అయినా మనవాడు ఓడిపోడు. "వాడే చంపినట్టు తీసుంటే సినిమా వేరే రేంజ్‌లో ఉండేది, డైరెక్టర్‌కి తట్టలా" అంటూ బండి స్టాండు వైపు నడుస్తాడు. కేసు ఎవరిదైనా గెలిచేది మనవాడే.

ఈ జాతి ప్రతాపం పూర్తిగా బయటపడింది 2019 జూన్ 21న, 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' విడుదలైన రోజున. నెల్లూరులో ఓ కుర్ర డిటెక్టివ్. అతని సంస్థ పేరు ఎఫ్‌బీఐ. అమెరికాది కాదు, ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. చిల్లర కేసులు, షెర్లాక్ హోమ్స్ పోజులు, జేబులో డబ్బుల్లేకపోయినా నోట్లో తరగని మాటలు. రైలు పట్టాల పక్కన గుర్తుతెలియని శవం ఒకటి ఎదురయ్యాక ఆ పోజులన్నీ కుర్రవాడి మెడకే చుట్టుకుంటాయి. తెలుగులో హీరోగా నవీన్ పోలిశెట్టికి, దర్శకుడిగా స్వరూప్ ఆర్‌ఎస్‌జెకు అదే మొదటి సినిమా. కటౌట్లు లేవు, పాలాభిషేకాలు లేవు. నోటి మాట మీద నిలబడింది. నవ్విస్తూ నవ్విస్తూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి శవాల మధ్య నిలబెట్టే సినిమా అది. నాకు నచ్చింది. ఇక్కడ నా నచ్చడం ముఖ్యం కాదు కాబట్టి ప్రేక్షక దేవుళ్ల దగ్గరికి వెళ్దాం.

ముందుగా లెక్కల పండితులు. మన సినీ వ్యాపారంలో నెల్లూరుకంటూ ఓ ప్రత్యేక స్థానం ఉంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు అంతా రాసుకున్నాక కలెక్షన్ల పట్టికలో తరచూ అట్టడుగున కనిపించే గడి నెల్లూరు. అలాంటి ఊళ్లో కథ జరిగితే పండితులకు చెడ్డ చిక్కొచ్చింది. మసాలా లేని తెలివైన సినిమా కాబట్టి సూత్రం ప్రకారం అది 'ఏ సెంటర్ బొమ్మ'. అంటే నెల్లూరు కుర్రాడు నెల్లూరు వీధుల్లో తిరుగుతూ నెల్లూరు కేసు తేలిస్తే, అది నెల్లూరు మాస్‌కి ఎక్కదు, హైదరాబాద్ మల్టీప్లెక్సుకు ఎక్కుతుంది! ఈ సూత్రం కనిపెట్టినవాళ్లెవరో ఆత్రేయను పెట్టి వెతికించాలి.

ఆ వెనకే లాజిక్ దళం. పెద్ద హీరో చిటికేస్తే డజను సుమోలు గాల్లోకి లేచినప్పుడు వీళ్లు న్యూటన్‌ని సైకిల్ స్టాండులో తాళం వేసి వస్తారు. ఈలలు వేస్తారు, కాగితాలు చల్లుతారు. చిన్న సినిమా అనగానే ఫోరెన్సిక్ ల్యాబ్ మొత్తాన్ని వెంటబెట్టుకు దిగుతారు. "ఆ టైములో స్టేషన్లో సీసీ కెమెరా ఉండదా అన్నా?" "ఫోన్ సిగ్నల్ పట్టుకుంటే అయిపోయేదిగా?" టిక్కెట్టు రేటు ఎంత తగ్గితే అనుమానం అంత పెరుగుతుందన్నది వీళ్ల ఫిజిక్సు.

మూడోవాళ్లు సోఫా సైన్యం. "ఓటీటీలో వస్తుందిగా, అప్పుడు చూద్దాం." వస్తుంది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పెసరట్టు, కళ్లు పిల్లాడి హోంవర్కు మీద. మధ్యలో కొరియర్ వాడొస్తే లేచి వెళ్లి, వెనక్కి తిప్పకుండా అక్కణ్ణుంచే కానిస్తారు. చివరికి "క్లైమాక్స్ కన్‌ఫ్యూజింగా ఉంది" అని ఒక స్టారు కోసేస్తారు. ఆ మర్నాడు ఆఫీసులో వీళ్ల ఉపన్యాసం వినాలి: "మనవాళ్లకు టేస్టు లేదండీ. ఇలాంటి సినిమాల్ని థియేటర్లో బతికించుకోవాలి."

ఈ బతికించుకోవడంలో మనది పాత రికార్డే. 1986లో జంధ్యాల 'చంటబ్బాయి' తీశారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల, చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావు. హీరో నలుగుర్ని తన్నకుండా నలుగుర్ని నవ్వించడమేమిటని అప్పట్లో జనం మొహమాటపడ్డారు. బాక్సాఫీసు దగ్గర అంతంతమాత్రం. ఇవాళ ఆ పేరెత్తితే చాలు, ఆనాడు టిక్కెట్టు తెంపనివాడు కూడా గుండె మీద చెయ్యేసుకుని "క్లాసిక్ అండీ" అంటాడు. క్లాసిక్ అంటే మనం థియేటర్లో చూడని సినిమా. ఆత్రేయ దర్శకుడే 2022 ఏప్రిల్ 1న 'మిషన్ ఇంపాజిబుల్' వదిలాడు. చిత్తూరు వైపు వడమాలపేట పిల్లలు దావూద్ ఇబ్రహీంని పట్టించి బహుమతి కొట్టేద్దామని బయల్దేరతారు. "ఆత్రేయలా లేదు" అని మనం ఇంటికెళ్లిపోయాం. ఆత్రేయలాగే ఉంటే "మళ్లీ ఆత్రేయేనా" అని ఇంటికెళ్లేవాళ్లం. ఎలాగూ ఇంటికే.

ఇంతకీ ఆత్రేయ సినిమా దేని గురించి? చూడనివాళ్ల సరదా చెడగొట్టకుండా ఒక్క ముక్క చెబుతాను: మనుషుల నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టి, చచ్చినవాళ్లతో వ్యాపారం చేసే ముఠా గురించి. ఇంట్లోవాళ్ల భక్తి, భయం, తొందర, ఇవే ఆ ముఠాకు ముడిసరుకు. మామూలుగా ఇలాంటి విషయం తెరమీదికొస్తే హాల్లోంచి బయటికొచ్చే జనం మధ్య కాసేపైనా చర్చ జరగాలి. జరిగింది కూడా. "ఫస్టాఫ్ అదిరింది బ్రో, సెకండాఫ్‌లో కామెడీ తగ్గింది."

అవును, తగ్గింది. శవాలు రావడం మొదలయ్యాక జోకులు తగ్గాయి. దర్శకుడు చేసిన మహాపరాధం అదే. పోస్టుమార్టం గదిలో ఓ ఐటం సాంగ్ పడుంటే సెకండాఫ్ లేచుండేది.

హాల్లో ఒక్కరు మాత్రం అసలు ప్రశ్న అడుగుతారు. సాధారణంగా ఆమె ఎవరో ఒకరి అమ్మ. "ఆ చచ్చిపోయినాయన ఎవర్రా నాయనా? వాళ్ల ఇంట్లోవాళ్లకి తెలుసా పాపం?" అంటుంది. వెంటనే కొడుకు, "అమ్మా, కాస్త ఆగు, ట్విస్ట్ వస్తోంది" అని నోరు మూయిస్తాడు. జిల్లా పేజీ అడుగున రైల్వే పోలీసుల పేరుతో వచ్చే నాలుగు లైన్లు ఆమెకు గుర్తుకొచ్చి ఉంటాయి: సుమారు నలభై అయిదేళ్లు, అయిదడుగుల ఆరంగుళాలు, నీలం గళ్ల చొక్కా, ఆచూకీ తెలిసినవారు సంప్రదించగలరు. మన డిటెక్టివులు ఆ పేజీని బజ్జీల నూనె పీల్చడానికి వాడతారు.

శవాన్ని వదిలేసి ఇంకేదో పట్టుకోవడం తెలుగువాళ్ల జబ్బే అనుకుంటే పొరపాటు. 1996లో అమెరికాలో కోయెన్ సోదరులు 'ఫార్గో' తీశారు. మంచు తప్ప మరేమీ కనిపించని చిన్న ఊళ్లు, అప్పుల్లో మునిగి సొంత భార్యనే కిడ్నాప్ చేయించే కార్ల సేల్స్‌మన్, నిండు గర్భంతో నిదానంగా కూపీ లాగే పోలీసు చీఫ్. ఉత్తమ నటి, ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్లు దానికే వచ్చాయి. సినిమాలో ఓ శవాన్ని చెట్టుకొమ్మలు నలగ్గొట్టే యంత్రంలో కూరుతారు. కథ జరిగే మిన్నెసోటా రాష్ట్ర జనంలో చాలామంది ఆ యంత్రాన్ని క్షమించారు గానీ యాసని క్షమించలేదు. హత్యలు చేసుకోండి, మాకభ్యంతరం లేదు, మేమలా సాగదీసి మాట్లాడతామా అన్నదే వాళ్ల గుండెకోత. తీసినవాళ్లు కూడా ఆ రాష్ట్రం బిడ్డలే, మినియాపొలిస్ పక్కనున్న శివారు ఊరివాళ్లు. కథలో ఎక్కువ భాగం మిన్నెసోటాలోనే జరుగుతుంది. పొరుగు రాష్ట్రంలోని ఫార్గో ఊరు కనిపించేది మొదట్లో కాసేపే. అయితేనేం, ఆ యంత్రం ఇప్పుడు ఫార్గో పర్యాటక కేంద్రంలో కొలువుదీరి ఉంది. వచ్చినవాళ్లు చెవుల టోపీ పెట్టుకుని, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఉత్తుత్తి కాలు పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగుతారు. సెల్ఫీకి మనమైనా ఒకటే, వాళ్లయినా ఒకటే.

అసలు చమత్కారం అది కాదు. ఆ సినిమా మొదలవగానే తెరమీద, ఇది 1987లో మిన్నెసోటాలో జరిగిన నిజ కథ అని పడుతుంది. పచ్చి అబద్ధం. అక్కడా ఇక్కడా జరిగిన నేరాల్లోంచి ఒకటి రెండు పోగులు తీసుకున్నారేమో గానీ కథ మాత్రం కల్పితం. ఆఖరి పేర్ల మధ్య, పాత్రలన్నీ కల్పితాలని చిన్నక్షరాల్లో వాళ్లే ఒప్పుకున్నారు కూడా. మొదటి లైను అందరూ చదివారు, చివరి లైనుకి ఎవరూ కూర్చోలేదు. దాంతో అది నిజంగా జరిగిందని ఏళ్లతరబడి నమ్మినవాళ్లకు లోటు లేకపోయింది. మన దగ్గర కల్పితమన్న ముక్క ముందే వేస్తారు, కానీ అప్పటికి మనం సమోసాల లైన్లో ఉంటాం.

ధీమాగా చెబితే నమ్మేస్తాం. నవ్విస్తూ చెబితే అనుమానిస్తాం. మన తెలివికున్న కిటుకంతా ఇదే, దీన్ని సినిమావాళ్లకంటే దొంగలు బాగా చదువుకున్నారు.

లేకపోతే ఇంటర్వెల్‌కే హంతకుణ్ణి పట్టేసే ఇన్ని కోట్లమంది షెర్లాక్ హోమ్స్‌లున్న గడ్డ మీద అగ్రిగోల్డ్ ఎలా నడిచింది? విజయవాడ కేంద్రంగా, ప్లాట్లిస్తాం లేదా లాభంతో డబ్బిస్తామని ఊరూరా వసూలు చేసి 2014-15 నాటికి చేతులెత్తేసింది. సుమారు 32 లక్షలమంది డిపాజిటర్లు, ఆరు వేల కోట్లు దాటిన బాకీ. అక్కడా ఏజెంట్లే. సాయి శ్రీనివాస ఆత్రేయ కాదు, ఎదురింటి బాబాయి. ఆయనకూ తెలియదు పాపం, ఆయన డబ్బూ అందులోనే ఉంది. "అంత లాభం ఎక్కణ్ణుంచి వస్తుంది బాబాయ్?" అని లాజిక్ దళంలో ఒక్కడు అడిగాడా? సీసీ కెమెరా సంగతి అడిగినవాడికి బ్యాలన్స్ షీట్ సంగతి తట్టలేదు. అప్పుడు కాఫీ ఇచ్చి, రసీదు కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టుకున్నారు.

అది పాత కథ అంటారా, కొత్తది చూద్దాం. ఓ మధ్యాహ్నం మన ఫోరెన్సిక్ నిపుణుడికి వీడియో కాల్ వస్తుంది. అవతల పోలీసు దుస్తుల్లో ఒకడు, వెనక జెండా, గోడమీద సింహాల బొమ్మ. "మీ పేరున వచ్చిన పార్శిల్లో డ్రగ్స్ దొరికాయి. మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేస్తున్నాం. కెమెరా ముందునుంచి కదలొద్దు." మనవాడు కదలడు. అన్ని సినిమాల్లో సెకండాఫ్ లాగ్ పట్టుకున్నవాడికి ఈ షో గంటలకు గంటలు సాగినా లాగ్ అనిపించదు. ఇంటర్వెల్ అడగడు, బాత్రూంకి పోవాలన్నా అనుమతి తీసుకుంటాడు. పోలీసు పాత్రధారి యాస తేడాగా ఉందని గానీ, ఖాకీ చొక్కా కుట్టు వదిలిందని గానీ గమనించడు. ఆ సెట్టింగుకు పెట్టిన ఖర్చు చిన్న సినిమా బడ్జెట్లో వందోవంతు కూడా ఉండదు, కలెక్షన్ మాత్రం పెద్ద హీరో ఓపెనింగే. చివర్లో "పరిశీలన కోసం" పొదుపు డబ్బంతా పంపించేసి, కేసు కొట్టేసినందుకు "థ్యాంక్యూ సార్" అని కూడా అంటాడు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టనేదే లేదు. ఏ పోలీసూ వీడియో కాల్లో అరెస్టు చేయడు. దేశ ప్రధాని 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ఈ మాట చెప్పాల్సి వచ్చింది. అంతకంటే ముందే ఈ ట్విస్ట్ కనిపెట్టాల్సిన మనవాళ్లంతా ఏ సినిమా క్లైమాక్స్‌లోనో తప్పులు వెతుకుతూ బిజీగా ఉన్నారు.

ఆత్రేయ సినిమాకి నేను చెప్పగల తీర్పు ఇది: అందులో దర్శకుడు తప్పు చేసింది ఒక్కచోటే. మోసపోయేవాళ్లు అమాయకులని చూపించాడు. వాళ్లలో కనీసం ఒకడి చేత, ఇంటర్వెల్ దగ్గర సమోసా తింటూ "నాకు ముందే తెలుసు" అనిపించి ఉండాల్సింది.

ఇక వెళ్లేముందు ఒక్క నంబరు రాసుకోండి: 1930. సైబర్ మోసంలో డబ్బు పోయిన వెంటనే ఫోన్ చేయాల్సిన జాతీయ హెల్ప్‌లైన్ ఇది. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. హంతకుణ్ణి కనిపెట్టాక చేద్దామని ఆగకండి.