అల్లుడి జేబులో ఓమ్ నియమం

మన వైపు అల్లుళ్లకు ఒక గొప్ప సంప్రదాయం ఉంది. ఊరందరి ముందూ సిగరెట్టు తాగుతారు గానీ మామగారి ముందు తాగరు. మామగారికి ఆ సంగతి తెలుసు. తెలుసని అల్లుడికీ తెలుసు. అయినా మామగారు వీధి మొగలో కనబడగానే సిగరెట్టు చెప్పు కింద నలిగిపోతుంది, ఇద్దరి పరువూ దక్కుతుంది. నలిపితే ఆరిపోయే వస్తువు కాబట్టి ఈ ఏర్పాటు ఇన్నాళ్లూ నిక్షేపంగా సాగింది. ఇప్పుడు సిగరెట్టు పోయి వేప్ అనే ఈ-సిగరెట్టు వచ్చింది. అందులో ఉండేది లిథియం బ్యాటరీ. దాన్ని చెప్పు కింద నలిపితే ఆరదు సరికదా, అంటుకుంటుంది. అందుకని అల్లుళ్లు దాన్ని జేబులో దోపుకుంటున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా అమ్మాయీ అల్లుడూ డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. వేసవిలో వాళ్లింటికి వెళ్లిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, అల్లుడు మాటిమాటికీ చెత్త పారేసి వస్తానని పెరట్లోకి పోతున్నాడు. నలుగురున్న ఇంట్లో అంత చెత్త పుట్టదు. పైగా చెత్త పారేసి వచ్చిన మనిషి దగ్గర మామిడిపండు వాసన. మా ఆవిడ మాత్రం "ఎంత పనిమంతుడో చూడండి, మీరూ ఉన్నారు ఎందుకూ" అని మురిసిపోయేది.

ఒక సాయంత్రం నా చెప్పుల చప్పుడు విని, చేతిలోది గబుక్కున జేబులోకి తోసి, ఏమీ ఎరగనట్టు పెరట్లో కుర్చీలో కూర్చున్నాడు. నేనూ ఎదురుగా కూర్చుని తెనాలి మునిసిపాలిటీ రాజకీయాలు ఎత్తుకున్నాను. కాసేపటికే ఆయన తొడ మీద చెయ్యేసి సర్దుకున్నాడు. కాలు మార్చాడు. ఛైర్మన్ ఎన్నిక దాకా రాకముందే "అమ్మో" అని లేచి, జేబులోంచి ఇత్తడి గొట్టమొకటి లాగి గచ్చు మీదికి విసిరాడు.

గొట్టం పక్కకు పడింది కాబట్టి జేబులో నొక్కుకుపోయిన అడుగు బటన్ వదిలింది, కరెంటు ఆగింది. "ముట్టుకోకండి, దూరం జరగండి" అని కేకేశాను. ఇలాంటప్పుడు చూడాల్సినవి మూడు. ఉబ్బుతోందా, బుస కొడుతోందా, పొగ వస్తోందా. ఒక్కటి కనబడినా దాని దగ్గరికి పోకూడదు, ఆ పొగ పీల్చకూడదు, అది విషం. వెంటనే ఫైరింజను పిలవాలి. మా ఆవిడ పరుగున వచ్చి "ఫ్రిజ్‌లో పెడితే చల్లారుతుంది కదండీ" అంది. వద్దన్నాను. లోపల చెమ్మ పడుతుంది. పైగా అంటుకునే వస్తువును తీసుకెళ్లి పెరుగు గిన్నె పక్కన పెట్టడం ఏం తెలివి? "పోనీ ఐసు?" అంది. ఐసూ వద్దు, అది కప్పేసి వేడిని లోపలే ఉంచేస్తుంది. ఇంత చిన్న సెల్ మంటెత్తుకుంటే దూరం నుంచే ధారాళంగా నీళ్లు కొట్టి చల్లార్చడమే పని. మా అదృష్టం, అది అంతదాకా వెళ్లలేదు. పూర్తిగా చల్లారేదాకా ముగ్గురం దాని చుట్టూ ఎడంగా నిలబడ్డాం.

అల్లుడు తలవంచుకుని నిలబడ్డాడు. ఎన్నాళ్ల నుంచి ఈ అలవాటని అడుగుతానని ఆయన భయం.

"ఎన్ని ఓమ్‌లు?" అన్నాను.

"సున్నా పాయింట్ రెండు, మామయ్యగారూ" అన్నాడు, వైవాలో కుర్రాడిలాగా.

"చిప్ ఉందా?"

"లేదండీ, మెకానికల్. ప్యూర్ పవర్ అంటారు."

నిండా చార్జయిన సెల్‌లో 4.2 వోల్టులు ఉంటాయి. ఓమ్ నియమం ప్రకారం దాన్ని కాయిల్ నిరోధం 0.2తో భాగిస్తే 21 ఆంపియర్లు. మా ఇంట్లో ఏసీకి పెట్టిన ప్లగ్గు కూడా 16 ఆంపియర్లదే. ఈ రకం సెల్లుల్లో చాలావి 20 ఆంపియర్లు ఇవ్వడానికి ఆయాసపడతాయి. కాయిల్ 0.5 ఓమ్‌లదైతే 8.4 ఆంపియర్లతో పోయేది. చిప్ ఉన్న పరికరమైతే బటన్ ఇరుక్కున్నా కొన్ని సెకన్లకు తనే ఆపేస్తుంది. ఈ గొట్టంలో ఆపే నాథుడు లేడు. బటన్‌కు తాళం వేసే రింగు ఒకటుంది గానీ, నా చెప్పుల చప్పుడు వినగానే ఆయన అది తిప్పలేదు. అంటే ఈ ప్రమాదానికి సాంకేతిక కారణం నా మీద గౌరవం.

అసలు వేప్ వెచ్చబడటం తప్పేం కాదు, కాయిల్ కాలితేనే ఆవిరి. వేడి ఎక్కడుందో చూడాలి. పైన నోటి దగ్గరుంటే ఆపకుండా పీల్చారని అర్థం, కాసేపు పక్కన పెడితే సరిపోతుంది. కింద బ్యాటరీ వైపుంటే మాత్రం వాడకం ఆపాలి. కాయిల్ వదులైందా, మరల్లోకి ద్రవం కారిందా, సెల్ పై తొడుగు చిరిగిందా అని వెతకాలి. ఆ తొడుగు అలంకారం కాదు. సెల్ ఒళ్లంతా నెగటివే, పైనున్న బుడిపె ఒక్కటే పాజిటివ్. తొడుగు చిరిగితే రెండూ కలిసే దారి దొరుకుతుంది.

సెల్ బయటికి తీయించాను. తొడుగు అంచున చిరిగి ఉంది. దాని మీద 9900 అని అచ్చేశారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఈ సెల్లు 3500 మిల్లీ ఆంపియర్ అవర్లు దాటడమే గొప్ప. "చవగ్గా వచ్చిందండీ" అన్నాడు. "ఇంకోటుందా?" అన్నాను. రెండో జేబులోంచి తీశాడు. దానితో పాటు కారు తాళాలు, చిల్లర కూడా వచ్చాయి. విడి సెల్‌కు తాళాలు తగిలితే అంతకంటే సులువైన షార్ట్ సర్క్యూట్ లేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బా కొనుక్కుంటే పోయేదానికి ప్యాంటునే ప్రయోగశాల చేసుకున్నాడు. రెండు సెల్లులు పడే పరికరం కొంటానన్నాడు. అలాగైతే రెండూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి అయ్యుండాలి, కలిసే చార్జవ్వాలి, ఒకటి పాడైతే రెండోదీ మానెయ్యాలి అన్నాను. "పెళ్లి సంబంధంలా జాతకాలు కలవాలన్నమాట" అంది మా ఆవిడ.

"చార్జింగు ఎక్కడ పెడతారు?" అన్నది నా చివరి ప్రశ్న. జవాబు రాలేదు. అప్పటికి పెరట్లోకి వచ్చిన మా అమ్మాయి వైపు చూసి, గొంతు తగ్గించి, "క్లోజెట్లో... రాత్రిపూట... చీరల వెనకాల" అన్నాడు. మా అమ్మాయికి వేప్ సంగతి ఎప్పుడో తెలుసు. కంచిపట్టు చీరల సంగతే తెలియదు. ఆ తర్వాత జరిగిన సంభాషణ భార్యాభర్తలది కాబట్టి నేను ఇక్కడ రాయను.

డిసెంబరులో ఇండియా వస్తే దీన్ని సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెద్దామని కూడా అనుకున్నాడట. చెక్-ఇన్ సామానులో వేప్‌గానీ విడి బ్యాటరీగానీ పెట్టకూడదు, కింద సామాన్ల గదిలో అంటుకుంటే చూసేవాడుండడు. ఇక మన దేశానికైతే ఏ సంచిలోనూ తేకూడదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమయ్యాయి. దిగుమతి చేస్తూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానాయో, రెండూనో. తమాషా ఏమిటంటే, ఆ రెంటికీ మధ్య అక్టోబరులోనే స్వీడన్ వాళ్లు లిథియం అయాన్ బ్యాటరీకి నోబెల్ ప్రకటించారు. అందుకున్న ముగ్గురిలో జాన్ గుడినఫ్ మా అల్లుడుండే ఈ టెక్సస్‌లోనే, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ప్రొఫెసరుగా ఉండేవారు. అప్పటికి ఆయన వయసు 97. అంత పెద్దాయన పుణ్యమా అని వచ్చిన బ్యాటరీ మా అల్లుడి జేబులో పడి కాలింది.

ఇప్పుడు చార్జింగు వంటింటి గ్రానైటు గట్టు మీద, ఎవరో ఒకరు మెలకువగా ఉన్నప్పుడే. చిరిగిన సెల్ చివరలకు టేపు చుట్టి రీసైక్లింగుకు ఇచ్చాం. పెరట్లో నా ఎదుటే పీల్చుకోమని అనుమతి కూడా ఇచ్చాను. పీల్చినప్పుడల్లా వోల్టేజి ఎంతని అడుగుతున్నానని ఈమధ్య బాగా తగ్గించాడు. నికోటిన్ సంగతి డాక్టరు చూసుకుంటారు. అల్లుళ్లందరికీ ఒక మామగారిగా నేను చెప్పగలిగేది ఒకటే. మా మీద గౌరవం మనసులో ఉంచుకోండి నాయనా, ప్యాంటు జేబులో వద్దు.