పదిహేను నిమిషాల పప్పు

ఉద్యోగం నుంచి ఈసురోమంటూ ఇంటికొచ్చి ఫోను తెరిస్తే చాలు, ‘పదిహేను నిమిషాల్లో పసందైన డిన్నర్’ అంటూ ఎవరో ఒకరు ప్రత్యక్షం. ఈ పరుగుపందెం మనం కనిపెట్టింది కాదు లెండి. ఇంగ్లండులో జేమీ ఆలివర్ 2010లో 30 నిమిషాల భోజనాల పుస్తకం వేశాడు, 2012కల్లా 15 నిమిషాలకు దించాడు. అదే ఊపు సాగి ఉంటే ఈపాటికి స్టవ్ వెలిగించకముందే మనం చేతులు కడుక్కుంటూ ఉండాలి.

మన వీడియోలో ఇల్లాలు నవ్వుతూ వస్తుంది. చీర నలగలేదు, జుట్టు చెదరలేదు. గట్టు మీద వరసగా గాజు గిన్నెలు. ఒకదాంట్లో తరిగిన టమాటాలు, ఒకదాంట్లో ఒలిచిన వెల్లుల్లి, ఒకదాంట్లో కడిగిన గోంగూర. ఇంకోదాంట్లో, ఇక్కడ లేచి నిలబడి దణ్ణం పెట్టాలి, ‘ముందుగా ఉడికించి పెట్టుకున్న పప్పు’! ఉడికిన పప్పుకు తాలింపు పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు కదా? మిగతా పదీ సబ్‌స్క్రైబ్ చేయమనడానికి.

ఆ గిన్నెలు నింపిందెవరు? గోంగూర కట్ట విప్పి, ఆకు తుంచి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లలో జాడించిందెవరు? ఆవిడకు కుక్కరు ఆవిరి పోయేదాకా కాచుకునే కర్మ లేదు. అసలు ఆ వంటింట్లో సింకే కనపడదు.

ఉల్లిపాయల దగ్గరికి వచ్చేసరికి అబద్ధం ముదురుతుంది. ‘రెండు నిమిషాల్లో ఎర్రగా వేగాక’ అంటుంది. ఉల్లిపాయలో నూటికి దాదాపు 90 వంతులు నీళ్లే. అవి ఇగిరేదాకా ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది, ఎర్రబడాలంటే 140 దాకా పోవాలి. మన బాండీలో ఇది జరిగేసరికి పిల్లాడి హోంవర్కు సగమవుతుంది. వీడియోలో కత్తెర ఒక్కసారి ఆడితే ఉల్లిపాయ బంగారమైపోతుంది.

మాయమైన నిమిషాలను కేంద్ర గణాంకాల వాళ్లు పట్టుకున్నారు. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే ధారపోస్తున్నారు, మగవాళ్లు 88. అదీ చేసే మగవాళ్ల లెక్క. ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు నూటికి 27 మందే. మిగిలిన 73 మందీ ఖాళీగా ఉన్నారనుకోకండి, పాపం, వీడియోలు ఫార్వర్డ్ చేస్తున్నారు.

‘చూడవే, ఎంత సులువో’ అని సోఫాలోంచి మొగుడి గొంతు వినిపిస్తుంది. భార్య కూడా ఇప్పుడే బస్సు దిగి వచ్చిందని ఆయనకు తెలుసు, జాలీ ఉంది. అందుకే, ‘హడావిడేం వద్దు, సింపుల్‌గా కానిచ్చెయ్. ఓ పప్పు, ఓ వేపుడు, కాస్త చారు. అప్పడాలు ఎలాగూ వేయిస్తావుగా’ అని తగ్గించి మాట్లాడతాడు.

ఇంత భాగోతంలో నిజాయతీపరుడు వీధి చివర కర్రీ పాయింటు వాడొక్కడే. పదిహేను నిమిషాల్లో వండానని వాడు ఏనాడూ బోర్డు పెట్టలేదు. తరిగేవాళ్లకూ వండేవాళ్లకూ కూలి ఇస్తాడు, ఆ కూలి కలిపే ప్యాకెట్టుకు ధర కడతాడు. ఆ ప్యాకెట్టు ఇంటికి తెచ్చిన ఇల్లాలికి మాత్రం ‘రోజూ బయటి కూరలేనా’ అని అక్షింతలు.

విసుగొచ్చి ఆమె ఓ రోజు వేడన్నం, ఆవకాయ, గడ్డపెరుగు బల్ల మీద పెడుతుంది. ఆయన లొట్టలేసుకుంటూ తిని, ‘చూశావా, రెండు నిమిషాల్లో ఎంత కమ్మటి భోజనమో!’ అంటాడు. నిజమే. ఎండాకాలంలో ఆయన తల్లి కాయలు కడిగి తుడిచి, ముక్కలు కొట్టించి, జీడి తీసి, కారం, ఆవపిండి కలిపి, మూడోనాడు తిరగగలిపి ఉప్పు చూసి, జాడీకి గుడ్డ కట్టిన పని ఆ రెండు నిమిషాల్లో కలవలేదు, అంతే.